విరమణ లేని కొలువు: తెలుగు చలనచిత్ర పరిశ్రమలో మలివయసు పని - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉద్యోగులను ఎంత వయసు వరకు పనిలో కొనసాగించాలన్న ప్రశ్న తెలుగు రాష్ట్రాలలో నాలుగు దశాబ్దాలకు పైగా ఒక్క అంకె చుట్టూనే తిరుగుతున్నది. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 1983లో 55కు తగ్గి, 1984లో 58కి పెరిగింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 60కి, ఆపై 62కు, తెలంగాణలో 61కి చేరింది. అదే కాలంలో హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు చలనచిత్ర పరిశ్రమలో విరమణ వయసు అన్న నియమమే లేదు. ఈ రెండు వ్యవస్థలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. వయోపరిమితి లేకపోవడం పెద్దవయసువారికి పని దొరకడంతో సమానం కాదనీ, పని స్వభావాన్ని మార్చుకోగల అవకాశం, పని మానుకోగల ఆర్థిక భద్రత ఉన్నచోటనే మలివయసు పని గౌరవంగా సాగిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పదవీ విరమణ, వయోపరిమితి, మలివయసు, సినీకార్మికులు, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్, పింఛను.

1. ఉపోద్ఘాతం:

‘పదవీ విరమణ’ అన్న సమాసంలో పదవి ముందు వస్తుంది. పదవి ఉన్నవారికే విరమణ ఉంటుంది. సేద్యం చేసే రైతుకు, మగ్గం నేసే నేతకారునికి, ఇంటిపని చేసే స్త్రీకి ఫలానా తేదీన పని ముగుస్తుందని చెప్పే ఉత్తర్వు ఏదీ రాదు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం పనిచేయడం, ఓపిక తగ్గాక సంతానంపై ఆధారపడడం ఈ సమాజంలో అనాదిగా ఉన్న పద్ధతి. జీతం, సర్వీసు రిజిస్టరు, పింఛను ఉన్న ఆధునిక ఉద్యోగం వచ్చాకనే వయసు అన్నది ఒక పాలనాపరమైన అంకెగా మారింది.

చలనచిత్ర పరిశ్రమ ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. అది ఆధునికమైన పరిశ్రమ. పెట్టుబడి, యంత్రాలు, శ్రమవిభజన, 24 విభాగాలుగా ఏర్పడిన సంఘాలు అందులో ఉన్నాయి. అయినా ఉద్యోగం అన్నది అందులో అరుదు. నిర్మాణసంస్థ చిత్రాన్ని బట్టి మనుషులను తీసుకుంటుంది. చిత్రం పూర్తికాగానే ఆ బంధం తెగిపోతుంది. నియామకపత్రం లేనిచోట విరమణపత్రం కూడా ఉండదు. వయసుతో నిమిత్తం లేకుండా పనిచేసే అవకాశం ఇస్తే పెద్దవారి స్థితి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఈ పరిశ్రమ చరిత్ర ఒక సుదీర్ఘమైన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని అర్థం చేసుకోవడానికి ముందుగా ప్రభుత్వ కొలువులలో వయోపరిమితి నడిచిన దారిని గమనించాలి. ఆ దారిలో కీలకమైన మలుపు తిప్పినవాడు ఒక చలనచిత్ర నటుడే కావడం విశేషం.

2. యాభై ఐదా, యాభై ఎనిమిదా: 1983 నాటి వివాదం:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 1979లో 55 నుంచి 58కి పెంచారు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నెల తిరిగేలోపే, ఫిబ్రవరి 8న, ప్రభుత్వం ఫండమెంటల్ రూల్ 56ను సవరించి విరమణ వయసును మళ్ళీ 55కు తగ్గించింది. అప్పటికే 55 దాటినవారు ఆ నెల 28న ఇంటిదారి పట్టవలసి వచ్చింది. ఈ ఉత్తర్వుల ఫలితంగా 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు విరమణ పొందారని సుప్రీంకోర్టు తీర్పులో నమోదైంది. చదువుకున్న నిరుద్యోగ యువతకు చోటు కల్పించడం ప్రభుత్వం చూపిన ప్రధాన కారణం.

ఉద్యోగులు ఆందోళనకు దిగారు, న్యాయస్థానాలను ఆశ్రయించారు. ఈలోగా 1984 ఆగస్టులో రామారావు ప్రభుత్వం బర్తరఫ్ అయింది. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్న స్వల్పకాలంలో, ఆగస్టు 23న, ఆర్డినెన్సు ద్వారా వయోపరిమితి తిరిగి 58 అయింది. సెప్టెంబరులో రామారావు మళ్ళీ అధికారంలోకి వచ్చినా ఆ పెంపు నిలిచింది. 1984లోనే పదవీ విరమణ వయసు క్రమబద్ధీకరణ చట్టం రూపొందింది. 1985 జనవరిలో కె. నాగరాజ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం 1983 నాటి తగ్గింపు రాజ్యాంగవిరుద్ధం కాదని, అది ప్రభుత్వ విధాన పరిధిలోనిదని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం బి. ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ధర్మాసనం మరొక ప్రశ్నను తేల్చింది. ఆ పద్దెనిమిది నెలల మధ్యకాలంలో విరమణ పొంది, ఇంకా 58 నిండనివారిని పెంపు ప్రయోజనం నుంచి మినహాయించడం సమానత్వానికి విరుద్ధమని, వారిని తిరిగి కొలువులోకి తీసుకోవాలని ఆదేశించింది.

ఈ వివాదంలో రెండు వాదాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒక కుర్చీ ఖాళీ అయితే ఒక యువకునికి ఉద్యోగం వస్తుందన్నది మొదటిది. అనుభవాన్ని ఒక్కసారిగా బయటికి పంపితే పాలన దెబ్బతింటుందన్నది రెండవది. ఇవి నేటికీ అలాగే వినిపిస్తున్నాయి. అయితే ఆ రెండు వాదాలలోనూ మరుగునపడిన అంశం ఒకటుంది. 55కే బయటికి వెళ్ళిన ఉద్యోగికి ప్రణాళికలు తారుమారయ్యాయి, రాబడి తగ్గింది. కాని పింఛను ఉంది. వయోపరిమితి ఉద్యోగిని బయటికి పంపడంతో పాటు, బయటికి పంపినవారికి యజమానిని కొంత బాధ్యుని చేసింది. పరిమితి లేని వ్యవస్థలో ఈ రెండవ అంశం కూడా లేదు.

3. తెరమీది వయసు:

1983 ఫిబ్రవరిలో రామారావు తన 60వ ఏట ఉన్నారు. ఆయన సంతకంతో విరమించిన అధికారులలో చాలామంది ఆయన కంటే చిన్నవారే. ఈ వైరుధ్యాన్ని విమర్శకులు రాజకీయకోణంలో చూశారు. చలనచిత్ర చరిత్ర కోణంలో చూస్తే అది మరొక విధంగా కనిపిస్తుంది.

1972లో వచ్చిన ‘బడిపంతులు’లో రామారావు వయసు మళ్ళిన ఉపాధ్యాయునిగా, మలివయసులో సంతానం మధ్య విడిపోవలసి వచ్చిన తండ్రిగా నటించారు. అందులో ఆయన మనవరాలిగా బాలనటి శ్రీదేవి కనిపిస్తుంది. ఏడేళ్ళ తరువాత, 1979లో, ‘వేటగాడు’లో అదే శ్రీదేవి ఆయనకు నాయిక. మనవరాలు పెరిగి పెద్దదైంది. తాత వెనక్కి నడిచి యువకుడయ్యాడు. తెరపై వయసు కాలానికి లోబడలేదు, మార్కెట్టుకు లోబడింది. దీనికి వ్యతిరేకదిశలో గుమ్మడి వెంకటేశ్వరరావు ప్రస్థానం సాగింది. 1927లో జన్మించిన ఆయన ముప్పై ఏళ్ళు నిండకముందే ‘అర్ధాంగి’ (1955)లో తనకంటే పెద్దవాడైన అక్కినేని నాగేశ్వరరావుకు తండ్రిగా నటించారు. గుమ్మడి యౌవనంలోనే వృద్ధుడై, ఆ వృద్ధాప్యాన్నే దశాబ్దాల జీవికగా మలచుకున్నారు.

స్త్రీల విషయంలో ఈ సౌలభ్యం కనిపించదు. ‘బడిపంతులు’లో రామారావు సరసన నటించిన అంజలీదేవి ఆయన కంటే నాలుగేళ్ళు చిన్న. ఆ తరువాత ఆయన యువనాయకుని పాత్రలకు తిరిగి వెళ్ళగలిగారు. ఆమె తల్లిపాత్రలలోనే కొనసాగారు. పెద్దవయసు స్త్రీ కథకు కేంద్రమైన సందర్భాలు వేళ్ళమీద లెక్కించదగినవి. 1984లో ‘మంగమ్మగారి మనవడు’లో 59వ ఏట భానుమతీ రామకృష్ణ పోషించిన మంగమ్మ వాటిలో ప్రసిద్ధమైనది. విరమణ వయసుపై రాష్ట్రం తర్జనభర్జన పడుతున్న సంవత్సరంలోనే ఒక నాయనమ్మ పేరుతో చిత్రం విజయవంతం కావడం గమనార్హం. 2012లో తనికెళ్ళ భరణి దర్శకత్వంలో వచ్చిన ‘మిథునం’లో లక్ష్మి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఇద్దరే చిత్రమంతా నడిపారు. 2019 నాటి ‘ఓ బేబీ’లో అదే లక్ష్మి 70 ఏళ్ళ స్త్రీగా కనిపిస్తుంది, కాని ఆ స్త్రీ కథను ముందుకు నడపడానికి ఆమె యువతిగా మారవలసి వచ్చింది.

నాయకుల తెరజీవితం ఇటీవల మరింత పొడిగింది. 2017 జనవరిలో ‘ఖైదీ నెంబర్ 150’తో చిరంజీవి తిరిగి నాయకునిగా వచ్చినప్పుడు ఆయన వయసు 61. తరువాత నాలుగేళ్ళకు తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగుల విరమణ వయసుగా నిర్ణయించిన అంకె కూడా అదే. 2024లో ‘కల్కి 2898 ఏడీ’లో 81 ఏళ్ళ అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా యుద్ధాలు చేశారు. ఇటువంటి దృశ్యాల వెనుక గ్రాఫిక్స్ నిపుణులు, పోరాటకళాకారులు, డూపులు ఉంటారు. ఒకరు ఎక్కువకాలం పనిలో కొనసాగడానికి ఇతరుల శరీరాలు సహకరిస్తాయి. ఆ ఇతరులు ఎంతకాలం కొనసాగుతారన్న ప్రశ్న సాధారణంగా చర్చకు రాదు.

4. మద్రాసు నుంచి జూబ్లీహిల్స్‌కు: వలసలో వయసు:

తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిరావడం సుదీర్ఘమైన ప్రక్రియ. 1950ల చివర అమీర్‌పేటలో సారథి స్టూడియో ఏర్పడింది. 1960వ దశకంలో అక్కినేని హైదరాబాదుకు నివాసం మార్చారు. 1976లో ఆయన అన్నపూర్ణ స్టూడియో, రామారావు నాచారంలో రామకృష్ణ స్టూడియో ప్రారంభమయ్యాయి. అనంతరం జూబ్లీహిల్స్‌లో కృష్ణ కుటుంబపు పద్మాలయ స్టూడియో, ఫిల్మ్‌నగర్‌లో డి. రామానాయుడు స్టూడియో వచ్చాయి. సినీప్రముఖులకు గృహనిర్మాణ సంఘం ద్వారా ఫిల్మ్‌నగర్ రూపుదిద్దుకున్నది. ఫిల్మ్ చాంబరు, సంఘాల కార్యాలయాలు అక్కడికి చేరాయి. 1990ల నాటికి పరిశ్రమ కేంద్రం ఈ కొండలమీద స్థిరపడింది.

ఈ వలసను సాధారణంగా స్టూడియోల చరిత్రగా చెప్పుకుంటారు. దానిని వయసు దృష్టితో చదివితే మరొక కథ బయటపడుతుంది. భూమి, పెట్టుబడి ఉన్నవారు నడివయసులో తమ పనిస్థలాన్ని తామే నిర్మించుకున్నారు. అక్కినేని 1974లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని, ఆ తరువాతి రెండేళ్ళలోపే స్టూడియోకు యజమాని అయ్యారు. నటన తగ్గినా పనిలో ఉండగల స్థితి ఆయనకు దానివల్ల ఏర్పడింది. కోడంబాక్కం, వడపళని వీధులలో అద్దెయింట్లో ఉంటూ, పిల్లలను అక్కడి బడులలో చదివిస్తున్న యాభై ఏళ్ళ మేకప్ కళాకారునికో, సెట్ వడ్రంగికో ఈ అవకాశం లేదు. కొత్త నగరంలో కొత్త పరిచయాలు వెదుక్కోవడం పాతికేళ్ళవానికి సాహసం, యాభై ఐదేళ్ళవానికి నష్టం. ఉద్యోగి బదిలీ అయితే అతని సర్వీసు అతనితో వస్తుంది. సినీకార్మికుని వెంట వచ్చేది పేరు ఒక్కటే. ఆ పేరు తెలిసిన నిర్మాతలు ఉన్నంతవరకే దానికి విలువ.

5. పని మార్చుకున్నవారు:

మలివయసులో దీర్ఘకాలం పనిచేసిన చలనచిత్ర ప్రముఖుల జీవితాలను పరిశీలిస్తే ఒక సమాన లక్షణం గోచరిస్తుంది. వారు పాత పనినే పట్టుకుని వేలాడలేదు. తమ వయసు లోపం కాని పనికి మారారు.

ఎల్.వి. ప్రసాద్ 1931లో ‘ఆలం ఆరా’, ‘కాళిదాసు’ చిత్రాలలో చిన్నపాత్రలతో మొదలై, దర్శకుడు, నిర్మాత, స్టూడియో అధిపతి అయ్యారు. సరిగ్గా యాభై ఏళ్ళ తరువాత, 1981లో, 73వ ఏట ‘అమావాస్య చంద్రుడు’లో తాతగా నటించారు. శబ్దగ్రహణ విభాగంలో జీవితం ప్రారంభించిన కె. విశ్వనాథ్ దర్శకునిగా శిఖరాన్ని అందుకున్న తరువాత, 1995లో ‘శుభసంకల్పం’తో 65వ ఏట నటుడయ్యారు. ప్రభుత్వ కొలువులో అయితే అప్పటికి విరమించి ఏడేళ్ళు అయ్యేది. నటిగా పేరుపొందిన విజయనిర్మల 1970లలో దర్శకత్వంలోకి మారి నలభైకి పైగా చిత్రాలు రూపొందించి, అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ గుర్తింపు పొందారు.

అక్కినేని నటజీవితం ఈ మార్పుకు స్పష్టమైన ఉదాహరణ. 1981లో ‘ప్రేమాభిషేకం’లో ప్రేమికుడైన ఆయన పదేళ్ళకు ‘సీతారామయ్యగారి మనవరాలు’లో తాత అయ్యారు. ఆ తాత పాత్ర ఆయనను రెండు దశాబ్దాలు నిలబెట్టింది. 2011లో వచ్చిన ‘శ్రీరామరాజ్యం’ మలివయసు శ్రమకు ఒక నిండైన నిదర్శనం. దర్శకుడు బాపుకు 77 ఏళ్ళు, వాల్మీకి పాత్రధారి అక్కినేనికి 87 ఏళ్ళు. రచయిత ముళ్ళపూడి వెంకటరమణ 79వ ఏట రచన పూర్తిచేసి, చిత్రం విడుదలకు ముందే కన్నుమూశారు. ‘మనం’ విడుదలైన 2014 మే నాటికి అక్కినేని లేరు. క్యాన్సరుతో బాధపడుతూనే తన పాత్రకు డబ్బింగ్ పూర్తిచేసి వెళ్ళారు.

ఈ ఉదాహరణలను వ్యక్తుల పట్టుదలగా మాత్రమే చదవడం సరికాదు. రచన, దర్శకత్వం, గుణపాత్రల నటన అనుభవంతో విలువ పెరిగే పనులు. శరీరబలం కంటే తీర్పు, స్వరం, ముఖం అక్కడ ముఖ్యం. పైగా వీరిలో చాలామందికి పని లేకపోయినా గడిచే స్థితి ఉంది. వారు పనిని కోరుకున్నారు కాబట్టి చేశారు. చిత్తూరు నాగయ్య ఉదాహరణ ఇందుకు భిన్నమైనది. ‘పోతన’, ‘త్యాగయ్య’ చిత్రాల నాయకుడు, 1965లో పద్మశ్రీ అందుకున్నవాడు చివరి సంవత్సరాలలో చిన్నచిన్న పాత్రలకు పరిమితమై, ఆర్థిక ఇబ్బందుల నడుమ 1973లో మరణించారు. జానపద చిత్రాల కథానాయకుడు కాంతారావు నిర్మాతగా ఆస్తులు పోగొట్టుకుని, వృద్ధాప్యంలో చిన్నపాత్రలతో నెట్టుకొచ్చారు. వారూ చివరివరకు పనిచేసినవారే. బయటికి ఒకేలా కనిపించే ఈ రెండు రకాల కొనసాగింపుల మధ్య తేడా పని మానుకోగల స్వేచ్ఛలో ఉంది.

6. కృష్ణానగర్ వైపు:

జూబ్లీహిల్స్ దిగువన ఉన్న కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఇందిరానగర్ ప్రాంతాలు పరిశ్రమ శ్రామికుల నివాసాలు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్‌లు, సెట్ పనివారు, ప్రొడక్షన్ సహాయకులు, డ్రైవర్లు తెల్లవారుజామునే ఇక్కడినుంచి చిత్రీకరణ స్థలాలకు బయలుదేరుతారు. ఫిల్మ్‌నగర్‌లో కూడా బంగళాల పక్కనే బస్తీలు ఉన్నాయి. ఒకే పరిశ్రమలోని రెండు వృద్ధాప్యాలు కిలోమీటరు రెండు కిలోమీటర్ల దూరంలో నివసిస్తున్నాయి.

ఈ శ్రామికుల పనిలో వయసు రెండు విధాలుగా పనిచేస్తుంది. మొదటిది శరీరశ్రమ. బరువైన దీపాలను ఎత్తైన స్టాండ్లమీదికి చేర్చే లైట్‌మన్‌కు, పైనుంచి దూకే ఫైటరుకు, నాయకుని వెనుక వరుసలో నర్తించే డ్యాన్సరుకు నలభై దాటగానే పని తగ్గడం మొదలవుతుంది. ఎవరూ తొలగించరు; పిలుపు రావడం మానుతుంది. విరమణ తేదీ లేనందున ఫలానా రోజుతో పని ముగిసిందని కార్మికునికి కూడా తెలియదు. రెండవది సాంకేతిక మార్పు. ఫిల్మును చేత్తో కోసి అతికించే కూర్పు పద్ధతి 1990ల నుంచి కంప్యూటరుకు మారింది. 2010ల నాటికి ఫిల్ము స్థానాన్ని డిజిటల్ ఆక్రమించింది. ల్యాబులలో రసాయనాల నడుమ నేర్చిన నైపుణ్యం ఒక్క దశాబ్దంలో అక్కరకు రానిదైంది. తేలికైన ఎల్.ఇ.డి. దీపాలు పెద్దవయసు లైట్‌మన్‌కు అనుకూలించవలసినవి. వాటిని ఎత్తడానికి తక్కువ మంది చాలు కాబట్టి ఆ మేలు పూర్తిగా అందలేదు. యంత్రం పనిని తేలిక చేసినంత మాత్రాన పెద్దవారికి పని మిగలదు. ఎవరిని ఉంచుకోవాలన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

7. చట్టం, సంఘం, దాతృత్వం:

ఈ లోటును చట్టం గుర్తించకపోలేదు. 1981లో పార్లమెంటు సినీకార్మికుల సంక్షేమ సెస్సు చట్టం, సంక్షేమనిధి చట్టం, సినీకార్మికుల - సినిమాహాళ్ళ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం అన్న మూడింటిని ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినీకార్మికుని పనిలో పెట్టుకోరాదని మూడవ చట్టం చెప్పింది. ఒకే నిర్మాత అయినా, వేరువేరు నిర్మాతలైనా, కనీసం మూడు కథాచిత్రాలకు పనిచేసిన కార్మికునికి భవిష్యనిధి చట్టం వర్తిస్తుందని కూడా చెప్పింది. వేరువేరు యజమానుల దగ్గర చేసిన పనిని ఒక్క సర్వీసుగా చూడాలన్న ఈ ఆలోచన ఆనాటికి ఎంతో ముందుచూపు గలది. దినసరి వేతనం చేతికి అందే పద్ధతి, చిత్రానికొక సంస్థ పుట్టి మాయమయ్యే నిర్మాణరీతి ఆ ఆలోచన ఆచరణకు అడ్డుగా నిలిచాయి.

పరిశ్రమ తనవైపు నుంచి సంఘాల ద్వారా స్పందించింది. విభాగాలవారీ సంఘాల సమాఖ్య వేతనాలను నిర్ణయిస్తున్నది. నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి పేరుమీద మణికొండ సమీపంలో వెలసిన చిత్రపురి కాలనీ కార్మికులకు సొంతింటి కలను కొంతవరకు నెరవేర్చింది. 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ వృద్ధకళాకారులకు నెలవారీ పింఛను అందిస్తున్నది. 2020లో చిత్రీకరణలు నిలిచిపోయినప్పుడు చిరంజీవి నేతృత్వంలోని కరోనా క్రైసిస్ చారిటీ కార్మికుల ఇళ్ళకు నిత్యావసరాలు చేర్చింది. ఇవన్నీ ప్రశంసనీయమైనవే. అయితే దాతృత్వం ఇచ్చేవారి సౌమనస్యంపై నడుస్తుంది. హక్కు చేసిన పని లెక్కపై నడుస్తుంది. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోరుతూ కార్మికులు చేసిన సమ్మెలో కూడా చర్చ ప్రధానంగా పెంపు శాతం, పనివేళల నిబంధనల చుట్టూ తిరిగింది.

అమెరికా అనుభవం ఇక్కడ పోల్చదగినది. 1960లో హాలీవుడ్ నటుల సంఘం సమ్మె చేసి, నిర్మాతల చందాతో నడిచే పింఛను, ఆరోగ్య పథకాన్ని సాధించుకున్నది. నటుడు ఎన్ని సంస్థలు మారినా అతని పేరుమీద చందా జమ అయ్యే పద్ధతి అది. ఆనాడు ఆ సంఘానికి అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్. ఆయనే తరువాత 69వ ఏట దేశాధ్యక్షుడై, చాలా ఉద్యోగాలలో వయసు కారణంగా తప్పనిసరి విరమణను నిషేధించిన చట్టంపై 1986లో సంతకం చేశారు. ఇద్దరు నటులు, ఇద్దరూ మలివయసులో పాలకులైనవారు, విరమణ వయసుపై విరుద్ధమైన నిర్ణయాలు చేశారు. ఆ నిర్ణయాల మంచిచెడ్డల కంటే ముఖ్యమైన తేడా మరొకటుంది. హాలీవుడ్‌లో పని మానుకునే భద్రత ముందు వచ్చింది, పనిలో కొనసాగే హక్కు తరువాత వచ్చింది. తెలుగు పరిశ్రమలో రెండవది ఎప్పటినుంచో ఉంది, మొదటిది నేటికీ నిండుగా రాలేదు.

8. పరిమితి లేనిచోట పరిమితి: 2020:

విరమణ వయసు ఎరుగని భారతీయ చిత్రపరిశ్రమకు కరోనా కాలంలో మొదటిసారి ఒక అంకె ఎదురైంది. 2020 మే 30న మహారాష్ట్ర ప్రభుత్వం చిత్రీకరణల పునఃప్రారంభానికి మార్గదర్శకాలు జారీచేస్తూ, 65 ఏళ్ళు దాటినవారిని చిత్రీకరణ స్థలాలకు అనుమతించరాదన్నది. పనిలేక జీవనం గడవని ఒక వృద్ధనటుడు బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. ఇతర రంగాలలో అదే వయసువారు పనిచేసుకోవడానికి అడ్డులేనప్పుడు కళాకారులకు మాత్రమే నిషేధం విధించడం వివక్ష అవుతుందని, జీవనోపాధి హక్కుకు భంగకరమని ఆగస్టు 7న న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది.

ఈ తీర్పును నాగరాజ్ కేసు తీర్పు పక్కన ఉంచి చదవాలి. 1985లో వయోపరిమితి ప్రభుత్వ విధానంగా నిలిచింది. 2020లో అది వివక్షగా కొట్టివేతకు గురైంది. మొదటి సందర్భంలో పరిమితి వెనుక పింఛను ఉంది, రెండవ సందర్భంలో ఏమీ లేదు. ప్రత్యామ్నాయ ఆదాయం చూపకుండా వృద్ధుని క్షేమం పేరుతో పని ఆపడం అతని క్షేమానికే విరుద్ధమన్న అవగాహన రెండవ తీర్పు ఫలితంలో కనిపిస్తుంది.

9. నేటి చర్చకు అన్వయం:

2014 జూన్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 60 అయింది. 2021లో తెలంగాణ 61కి, 2022లో ఆంధ్రప్రదేశ్ 62కు పెంచాయి. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది. అనుభవం నిలుస్తుందని కొందరు, విరమణ ప్రయోజనాల చెల్లింపును వాయిదా వేయడానికే పెంచారని కొందరు వాదించారు. డాక్టరేటు పట్టా చేతబట్టుకుని నియామక ప్రకటనకై ఎదురుచూసే పరిశోధకునికి ఐదేళ్ళ పెంపు అంటే తన వయసులో ఐదేళ్ళు. 1983 నాటి యువతవాదం ఈ రూపంలో మళ్ళీ ముందుకు వచ్చింది.

చలనచిత్ర పరిశ్రమ చరిత్ర ఈ చర్చకు ఒక దారి చూపుతుంది. విశ్వనాథ్ నటుడు కావడంతో మరొక దర్శకుని చోటు పోలేదు. పెద్దవారు పాత కుర్చీలోనే కొనసాగినప్పుడు యువతతో పోటీ ఏర్పడుతుంది. పని మార్చుకున్నప్పుడు ఆ పోటీ తగ్గుతుంది. అనుభవజ్ఞుడైన అధ్యాపకుడు నియమిత పదవిని ఖాళీచేసి పరిశోధన పర్యవేక్షణ, తాళపత్రాల పరిష్కరణ, గ్రంథ సంపాదకత్వం వంటి పనులలో గౌరవవేతనంతో కొనసాగే ఏర్పాటు ఉంటే, విద్యకు అనుభవమూ యువతకు ఉద్యోగమూ రెండూ దక్కుతాయి. వయసు అంకెను మాత్రమే పెంచితే ఒకరి లాభం మరొకరి నష్టంగానే మిగులుతుంది.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- వయోపరిమితి ఉద్యోగిని బయటికి పంపే నియమమే కాదు, బయటికి వెళ్ళినవానిపట్ల యజమాని బాధ్యతను నిర్ణయించే నియమం కూడా. చలనచిత్ర పరిశ్రమలో ఆ రెండూ లేవు.

- మలివయసులో దీర్ఘకాలం పనిచేసినవారు ఎక్కువగా అనుభవానికి విలువ ఉన్న పనులకు మారగలిగినవారు. శరీరశ్రమ ప్రధానమైన విభాగాలవారికి అటువంటి మార్పుకు దారి ఏర్పడలేదు.

- తెరపై స్త్రీపురుషుల వయసుకు వేరువేరు కొలతలు ఉన్నాయి. పురుషుని పనికాలాన్ని పొడిగించిన సౌలభ్యం స్త్రీకి దక్కలేదు.

- వేరువేరు నిర్మాతల దగ్గర చేసిన పనిని ఒక్క సర్వీసుగా లెక్కించే ఆలోచన 1981 చట్టంలోనే ఉండేది. కొత్త చట్టం కంటే ముందు దాని ఆచరణ అవసరం.

సంఘం ఇచ్చే సభ్యత్వ కార్డుకు భవిష్యనిధి ఖాతాను ముడిపెట్టి, ప్రతి చిత్రం బడ్జెట్టులో ఆ చందాను చేర్చడం సాధ్యమైన పని. యాభై దాటిన లైట్‌మన్‌ను కొత్తవారికి శిక్షణ ఇచ్చేవానిగా, భద్రతను పర్యవేక్షించేవానిగా, వయసైన డ్యాన్సరును నృత్యశిక్షకురాలిగా నియమించే పద్ధతి కూడా అసాధ్యమైనది కాదు. అప్పుడు కృష్ణానగర్‌లోని కార్మికునికి రెండు అవకాశాలు ఉంటాయి: ఓపిక ఉంటే తన వయసుకు తగిన పనికి వెళ్ళడం, ఓపిక లేకపోతే ఇంట్లో ఉండడం. పెద్దవారిని ఎక్కువకాలం పనిలో కొనసాగించాలని కోరే విధానం ఏదైనా ఈ రెండవ అవకాశాన్ని కూడా కల్పించినప్పుడే న్యాయమైనది అవుతుంది.